ఎల్లాజీ నాలుక మీద రాయి

తలుపు తియ్యకూడదనే అనుకుంది తులసి. కిటికీ ఊచల్లోంచి తమ్ముడి ముఖం కనపడేదాకా ఆ మాట మీదే నిలబడింది. వినోద్ ఎడమ కన్ను వాచి పూర్తిగా మూసుకుపోయింది. పై పెదవి చీలింది. మెడకి ఎవరిదో తువ్వాలు పలుపులా బిగించి ఉంది. దాని రెండో కొస ఎవరి చేతిలో ఉందో ఊచల్లోంచి కనపడలేదు. పోయిన వారం ఆమెను గడియ మీద చెయ్యి వేసిన చోట వదిలి వచ్చాం. ఆ గడియ ఇప్పుడు తీసింది.

మధ్యలో చేరినవాళ్ళ కోసం రెండు మాటలు. అక్కా తమ్ముళ్ళిద్దరూ భావనపాడులో సముద్రం మీద బతికే ఇంటి పిల్లలు. అక్క చదువుకుంది. గరివిడి దగ్గర ఒక ఇంజనీరింగు కాలేజీలో, నారాయణమూర్తి మాస్టారి ప్రయోగశాలలో పనిచేస్తోంది. తమ్ముడు వేటకి పోనని మొండికేసి రంగురాళ్ళ తవ్వకానికి పోయాడు. అతను దిగిన గొయ్యిలో ఒక పిల్లికన్ను రాయి దొరికి, పొద్దు వాలేలోగా మాయమైంది. గొయ్యి ఎల్లాజీది. రెండు రోజులు కొట్టారు. వినోద్ తియ్యలేదు గనక ఇవ్వలేకపోయాడు. మూడో రోజు, దెబ్బ ఆగితే చాలనుకుని, నోటికొచ్చింది చెప్పేశాడు. మా అప్ప దగ్గర, అంటే అక్క దగ్గర, అంతకంటే పెద్ద రాయి ఉంది, తొడుగులు లేకుండా ముట్టుకోదు, దాని మీద వెలుగు పడితే మంచులా చల్లబడిపోతుంది అని. అందులో ఒక్క అబద్ధమూ లేదు. అందుకే ఎల్లాజీ నమ్మాడు.

ఆదివారం మధ్యాహ్నం. కాలేజీలో ఎవరూ లేరు. మాస్టారు హైదరాబాదు వెళ్ళారు.

ముందు వినోద్ లోపలికి పడ్డాడు. పడలేదు, ఎల్లాజీ మనిషి లక్ష్ముడు తోశాడు. తువ్వాలు కొస లక్ష్ముడి ఎడమ చేతికి రెండు చుట్లు చుట్టి ఉంది. కుడి చేతిలో గునపం. గోతుల్లో పొడిచి పొడిచి దాని మొన బొటనవేలంత అరిగిపోయింది. వెనక ఎల్లాజీ వచ్చాడు. "చెప్పులు బయట విడవవలెను" అని తులసి తలుపు మీద అంటించిన కాగితం నింపాదిగా చదివి, చెప్పులు విడిచి మరీ వచ్చాడు. నలభై అయిదేళ్ళుంటాయి. ఇస్త్రీ చొక్కా. చేతికి ఒక్క ఉంగరం కూడా లేదు. రాళ్ళు అమ్మేవాడు రాళ్ళు పెట్టుకోడు.

"కూకో పాపా, కూకో. నీ గదిలో నువ్వు నిలబడితే ఎలగ?"

"గేటు కాడ గంగరాజు తాత ఏడీ?"

"ఆ ముసిలోడా? పంపు షెడ్డులో ఉన్నాడు. నోట్లో గుడ్డెట్టాం. ఊపిరి ఆడతన్నాది, నువ్వు బెంగెట్టుకోకు."

"అప్పా, ఇచ్చేయే," అన్నాడు వినోద్. నేల మీంచే అన్నాడు. "నీ కాల్లట్టుకుంతాను, ఇచ్చేయ్."

లక్ష్ముడు తువ్వాలు లాగాడు. మాట గొంతులోనే తెగిపోయి గురకలా బయటికొచ్చింది.

రాయి వెతుక్కోవలసిన పని వాళ్ళకి లేకపోయింది. బల్ల మీదే ఉంది. మూత పెట్టిన గాజు గిన్నెలో, తెల్ల కాగితం మీద, చింతగింజంత ముక్క. రంగు లేదు. పక్కకి తిప్పి చూస్తే తప్ప అక్కడ ఒక వస్తువు ఉందని కూడా తెలియదు. అది భూమిలో దొరికింది కాదు. కొలిమిలో కరిగించి, నెలల తరబడి పెంచిన స్ఫటికం. అందులో ఇటర్బియం అనే లోహం చిటికెడు కలిసి ఉంటుంది. తులసి దాన్ని మూడు రోజులుగా కడుగుతోంది. ఆ రోడ్డు మీద రోజంతా మాంగనీసు రాయి మోసే లారీలు తిరుగుతాయి. ఆ నల్లటి దుమ్ము ఒక్క రేణువు ఆ ముక్క మీద ఉన్నా పని చెడుతుంది. అందుకే ఆ గదికి రెండు తలుపులు, ఆమె చేతికి తొడుగులు, మూతికి గుడ్డ.

ఎల్లాజీ మూత తీశాడు.

"ముట్టుకోకన్నా!" అని తులసి ఒక్క అడుగు వేసింది. లక్ష్ముడు గునపం అడ్డం పెట్టాడు.

"ముట్టుకోవద్దంటేనే గదా మడిసికి ముట్టుకోవాలని ఉంటాది," అని నవ్వి, ఎల్లాజీ ఆ ముక్కని రెండు వేళ్ళతో ఎత్తి నాలుక మీద పెట్టుకున్నాడు.

గోతుల దగ్గర అందరికీ తెలిసిన పరీక్ష అది. జాతిరాయి నాలుక మీద చల్లగా నిలబడుతుంది. గాజు అయితే రెండు ఊపిర్లు తియ్యకముందే వెచ్చబడిపోతుంది. కొన్ని వందల రాళ్ళు అలాగే నాలుక మీదుగా పోయి ఉంటాయి అతనికి. కళ్ళు మూసుకుని, నోరు మూసుకుని, గుడిలో తీర్థం పుచ్చుకున్నవాడిలా నిలబడ్డాడు. చాలాసేపటికి కళ్ళు తెరిచాడు.

"సల్లగున్నాది," అన్నాడు లక్ష్ముడితో, మెల్లిగా. "ఇంకా సల్లగానే ఉన్నాది రా. జాతిరాయి."

నోట్లోంచి తీసి చొక్కా అంచుకి తుడిచాడు. ఆపైన, వాళ్ళ అలవాటు ప్రకారం, ముక్కు పక్క జిడ్డుకి రెండు వైపులా రుద్ది మెరుపు తెచ్చాడు. తులసి చూస్తూ నిలబడింది. మూడు రోజుల కడుగుడు ఆ మనిషి ఉమ్ములోనూ జిడ్డులోనూ కలిసిపోయింది.

"తీసుకెల్లిపో అన్నా," అంది. "నాకక్కర్లేదు. మా తమ్ముణ్ణి ఒగ్గేయ్."

ఎల్లాజీ చెయ్యి ఆగిపోయింది. రాయి వంక చూశాడు. ఆమె వంక చూశాడు.

"ఇంత బేగి ఇచ్చేత్తావేటి?"

"మా తమ్ముడి కన్నా ఎక్కువేటి అది?"

"అదే అడుగుతన్నాను. మూతికి గుడ్డ కట్టుకొని, సేతులకి తొడుగులేసుకొని, దేవుడి లాగ దాసుకున్న రాయి, అడగ్గానే ఇచ్చేత్తన్నావు. ఇన్నేల్ల బేరంలో నాను అలగ ఇచ్చినోన్ని సూడనేదు. ఇచ్చినోడు ఎవుడైనా ఉంటే ఆడు నకిలీ ఇచ్చినోడే." రాయిని పిడికిట్లో మూశాడు. "నీ తమ్ముడు సెప్పినాడు, ఎలుగేస్తే సల్లబడతాదని. సూపించు. సల్లబడితే ఇదే ఆ రాయి. రాయి నాకు, తమ్ముడు నీకు. సల్లబడకపోతే అసలుది ఎక్కడో దాసినట్టు."

"దాసినట్టయితే?"

దానికి జవాబు లక్ష్ముడు చెప్పాడు. గునపం తిరగేసి మొద్దు కొసతో వినోద్ పక్కటెముకల మీద ఒక్కటి వేశాడు. తడిసిన గోనె మీద కొట్టినట్టు చప్పుడైంది.

తులసికి తెలుసు. అదే ఆ రాయి, నిజం. మొన్న బుధవారం అదే ముక్క సున్నాకి కింద అరవై ఎనిమిది దాకా దిగింది. ఇప్పుడు దిగదు. దిగకుండా చేసినవాడే దిగాలంటున్నాడు.

"కడగాల అన్నా. నువ్వు నోట్లో ఎట్టుకున్నావు. మురికంటింది. మూడు రోజులొద్దు, మూడు గంటలియ్యి."

"కడిగే వంకతో మార్సేద్దామనా?"

"నీ కళ్ళ ముందే కడుగుతాను."

"నా కళ్ళ ముందే పదిమంది మార్సినారు పాపా. రాయి సేయి దిగితే రాయి కాదు." అతని గొంతు పెరగలేదు. దానికే భయం వేసింది ఆమెకి. "ఇప్పుడే."

ఆఖరికి ఒక్క పని చెయ్యనిచ్చాడు. రాయి తన వేళ్ళ మధ్యే పట్టుకుని ఉంటే, ఆమె మెత్తటి కాగితం మీద ఒక చుక్క కడిగే మందు వేసి పైపైన తుడవాలి. తుడిచింది. ముందు వైపు కొంచెం మెరుగైంది. అతని వేళ్ళు ఆనిన రెండు అంచులూ అలాగే ఉండిపోయాయి.

బల్ల మధ్యలో కొబ్బరికాయంత ఉక్కు గది ఉంది. దాని ముందు వైపు ఒక గాజు బిళ్ళ, వెనక వైపు ఒక గాజు బిళ్ళ. లోపల వెంట్రుకల్లాంటి రెండు గాజు పోగుల మీద స్ఫటికాన్ని నిలబెడతారు. గాలంతా లాగేస్తారు. లేజరు పెట్టెలోంచి వచ్చే వెలుగు ముందు బిళ్ళలోంచి లోపలికి పోయి, స్ఫటికంలోంచి దూరి, మిగిలింది వెనక బిళ్ళలోంచి బయటికొచ్చి అక్కడ పెట్టిన నల్లటి లోహపు దిమ్మలో ఇంకిపోతుంది. ఎల్లాజీ ఆమె వేళ్ళ మీంచి చూపు తిప్పకుండా ముక్కని అందించాక, తులసి దాన్ని నిలబెట్టి మూత బిగించింది. చేతులు వణకలేదు. ఆ పనిలో అవి ఎప్పుడూ వణకవు.

పంపు గాలి లాగడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. ఎల్లాజీ స్టూలు మీద కూర్చున్నాడు. "ఎలుగేస్తే ఏదైనా ఎచ్చబడతాది," అన్నాడు. "ఎండలో ఎట్టిన గునపం సూడు. సల్లబడ్డమేటి?"

తులసి మాట్లాడుతూనే ఉండాలనుకుంది. మాట్లాడుతున్నంతసేపూ లక్ష్ముడు కొట్టడం లేదు.

"మా ఊల్లో పడవ ఒడ్డుకొస్తే ఆడోలు కాలీ గంపలతో వస్తారు గదన్నా. ఒక్కొక్కలూ గంప నింపుకొని ఎలిపోతారు. ఆకరికి పడవ కాలీ. ఈ ఎలుగూ అంతే. కొంచెం తక్కువ బలంతో రాయిలోకి ఎల్తాది. రాయిలో ఉన్న ఏడి కొంత ఎత్తుకొని, ఎక్కువ బలంతో బయటికొచ్చేస్తాది. అలగ లచ్చల కోట్ల గంపలు. ఏడి పోతే మిగిలేది సల్లదనమే."

"మరి నాను నాకితే ఏటైనాది?"

"ఒకలు గంపట్టుకొని వచ్చి, ఎలిపోకుండా ఆ పడవలోనే పొయ్యెట్టుకొని కూకున్నారనుకో. మురికి అలాటిది. ఎలుగుని మింగి ఏడిని అక్కడే కక్కుతాది."

"మా ఇంటిది అచ్చం అలగే," అన్నాడు లక్ష్ముడు. "పుట్టింటోల్ల పడవెక్కిందంటే దిగదు."

ఎల్లాజీ నవ్వాడు. వినోద్ కూడా, చీలిన పెదవితో, నవ్వబోయాడు. లక్ష్ముడు అది చూసి నోటి మీద తన్నాడు. "నీకేటి రా నవ్వు?"

పంపు శబ్దం సన్నబడింది. తులసి మేకుకి తగిలించిన ముదురాకుపచ్చ కళ్ళజోడు అందుకుంది.

"అదేటి?"

"ఆ ఎలుగు కంటికి కనపడదన్నా. కాని కంట్లో పడితే కన్ను పోతాది. ఒక్క జోడే ఉన్నాది. మీరంతా అటు గోడకి జరగండి."

"కనపడని ఎలుగు!" ఎల్లాజీ లక్ష్ముడి వైపు తిరిగాడు. "ఇన్నావేట్రా? ఎలుగంట, కనపడదంట. మమ్మల్ని గోడకి పంపి నువ్వు సేతులు ఆడించేత్తావు." కళ్ళజోడు లాక్కుని నేల మీద పడేశాడు. లక్ష్ముడు మడమతో నలిపాడు.

ఆమె తాళంచెవి తిప్పి, ఆకుపచ్చ మీట నొక్కింది. గదిలో ఏమీ మారలేదు. కంప్యూటరు తెర మీద మాత్రం అంకె కనపడుతోంది. ఇరవై ఎనిమిది. అది స్ఫటికం ఎంత వేడిగా ఉందో చెప్పే అంకె.

ఇరవై ఏడు. ఇరవై అయిదు. ఇరవై ఒకటి.

వినోద్ ఒంటి కన్నుతో తెర వంక పాకాడు. "దిగతన్నాది," అన్నాడు. "సూడండన్నా, దిగతన్నాది! నాను సెప్పానా నేదా?"

పదిహేడు. పదమూడు. ఎల్లాజీ స్టూలు మీంచి లేచాడు. తులసి తెర దగ్గరికి జరిగింది. చుక్క మందుతో తుడిచిన తుడుపు పనిచేస్తుందేమో. సున్నా దాటితే చాలు. సున్నా అంటే మంచు అని ఎల్లాజీకి కూడా తెలుసు.

పదకొండు.

పదకొండు.

పన్నెండు.

జిడ్డు మాడుతోంది. మాడి నల్లబడేకొద్దీ వెలుగుని ఇంకా మింగుతుంది. పందొమ్మిది. ముప్పై మూడు. తులసి మీట వైపు చెయ్యి చాపింది. ఎల్లాజీ ఆమె మణికట్టు పట్టుకుని ఆపి తెర వంకే చూస్తున్నాడు. యాభై ఎనిమిది. ఎనభై. తెర మీదే ఓ పక్కన కెమెరా చూపించే స్ఫటికం బొమ్మలో, ఈ చివరి నుంచి ఆ చివరికి, సన్నటి గీత పడింది. రాయి చిట్లిపోయింది.

మణికట్టు వదిలాడు. ఆమె మీట ఆపింది.

"ఏడెక్కినాది," అన్నాడు ఎల్లాజీ.

"నేను సెప్పాను గదన్నా, మురికని..."

"లక్ష్ముడూ."

లక్ష్ముడు వినోద్ కుడి చేతిని బల్ల మీద పరిచి, మణికట్టు మీద మోకాలు ఆనించాడు. తులసి మీద పడి గీరింది, కొరికింది. ఎల్లాజీ ఆమెని జడ పట్టి వెనక్కి లాగాడు. గునపం ఎత్తింది పెద్ద ఎత్తు కూడా కాదు. జానెడు. చిటికెన వేలు మీద దిగింది. వినోద్ అరుపు ముందు రాలేదు. నోరు తెరిచి ఉంది, ముఖం ఎర్రబడింది, ఆ తర్వాత వచ్చింది. ఆ అరుపు ఆగాక కూడా అతని పాదాలు నేల మీద కొట్టుకుంటూనే ఉన్నాయి.

"ఇంకా తొమ్మిది ఉన్నాయి," అన్నాడు లక్ష్ముడు, లెక్క చెప్పినట్టు.

ఎల్లాజీ జడ వదిలేసి, జేబులోంచి మడత భూతద్దం తీశాడు. వేలి గోరంత అద్దం. చొక్కాకి తుడుచుకున్నాడు.

"యంత్రం అబద్దమాడొచ్చు. నువ్వు ఆడించొచ్చు. నా కన్ను ఆడదు." ఉక్కు గది వెనక్కి నడిచాడు. "రాయికి ఎనకమాల ఎలుగెట్టి సూస్తే, జాతి ఏదో కులం ఏదో నాకు తెలిసిపోతాది. ఇక్కడ ఈ నల్ల దిమ్మేటి? ఎవుడికీ కనపడకుండా అడ్డమెట్టినావా?"

దిమ్మని ఒక్క ఊపుతో ఊడదీసి కింద పడేశాడు. వెనక బిళ్ళ బయటపడింది. వంగాడు. భూతద్దం కుడి కంటికి ఆనించి, ఆ కన్ను బిళ్ళకి ఆనించాడు.

"లోపల సీకటిగున్నాది. ఎలిగించు."

తులసి ఆకుపచ్చ మీట మీద వేలు పెట్టింది.

మాస్టారు ఆమెకి మొదటి రోజు నేర్పింది స్ఫటికం గురించి కాదు. ఆ వెనక బిళ్ళ గురించి. రెప్ప కొట్టేలోగా పోతుందమ్మా, నొప్పి కూడా తెలియదు, అన్నారు. ఎల్లాజీకి ఇందాకే చెప్పింది, కన్ను పోతుందని. నవ్వాడు. మళ్ళీ చెప్పవలసిన పని లేదు. వెలిగించమన్నది అతనే. వంగిన అతని మెడ మీద చెమట కనపడుతోంది, కాలరు కింద చిన్న పుట్టుమచ్చ కూడా. ఇల్లు, పిల్లలు ఉన్న మనిషే అయి ఉంటాడు. బల్ల మీద తమ్ముడి వేలు ఉండవలసిన వైపు కాకుండా ఇంకో వైపు చూస్తోంది. రాయి పగిలిపోయింది, చల్లబడదు, కడిగినా ఇక చల్లబడదు. తొమ్మిది వేళ్ళు. ఆ తర్వాత ఏమిటో లక్ష్ముడు చెప్పకపోయినా ఆమెకి తెలుసు.

చెబుదామని నోటిదాకా వచ్చింది. మింగేసింది.

"సరే అన్నా. ఎలిగిత్తాను."

ఎల్లాజీ నడుము ఎత్తాడు.

భూతద్దం కంటి మీంచి తీసి, ఆమె ముఖం వంక చాలాసేపు చూశాడు. ఇందాక రాయిని చూసినట్టే చూశాడు.

"రాయి ఇచ్చేత్తానన్నప్పుడూ ఇలగే అన్నావు. బేగి, తీసుకెల్లిపో అని. ఇంత సేపూ కడగాలి, తుడవాలి, గోడకి జరగాలి అని వంద అడ్డాలెట్టినావు. ఇప్పుడు ఒక్క అడ్డమూ నేదు." భూతద్దం మడిచాడు. "లక్ష్ముడూ, ఆ గుంటడ్ని ఇలగ తే. ముందు ఆడు సూస్తాడు."

"వద్దు!"

ఆ మాట ఆమె నోట్లోంచి వచ్చాక గానీ ఎంత గట్టిగా వచ్చిందో ఆమెకే తెలియలేదు.

"ఎందుకొద్దు?"

"కన్ను పోతాది. నిజంగా పోతాది. ఆడికున్నది ఒక్క కన్నే, రెండోది మీరు..."

"నాకు ఒద్దనలేదే?"

లక్ష్ముడు వినోద్ తల వెనక నుంచి పట్టి, మంచి కన్ను బిళ్ళకి ఆనేలా వంచాడు. వినోద్ రెప్ప మూసుకున్నాడు. లక్ష్ముడు బొటనవేలితో ఆ రెప్ప పైకి లాగి పట్టాడు. ఎల్లాజీ బల్ల చుట్టూ తిరిగి వచ్చి ఆమెని పక్కకి నెట్టాడు. ఏ మీట నొక్కాలో ఇందాక చూశాడు. రెండోసారి చూడవలసిన అవసరం అతనికి దేనికీ ఉండదు.

"అన్నా, ఆడు రాయి తియ్యనేదు. నీ కాళ్ళకి..."

నొక్కాడు.

అతని వేలు మీట మీద దిగుతుండగానే తులసి బల్ల మీదుగా పడి, బిళ్ళకీ తమ్ముడి కంటికీ మధ్య తన అరచెయ్యి దూర్చింది.

ఏమీ కనపడలేదు. ముందు ఎవరో సూది గుచ్చినట్టు, ఆ వెంటనే ఎర్రగా కాల్చిన మేకు దిగగొట్టినట్టు. అరచేతి మధ్యలోంచి సన్నటి పొగ లేచింది. చేపని నిప్పుల మీద వేసినప్పటి వాసన గది నిండింది. చెయ్యి వెనక్కి రావాలని తనంతట తనే లాగుతోంది. ఆమె రెండో చేత్తో దాన్ని అక్కడే అదిమి పెట్టింది. పళ్ళ మధ్య నాలుక తెగి నోరంతా ఉప్పగా అయింది. అరుస్తున్నది తానో తమ్ముడో ఆమెకి తెలియలేదు.

లక్ష్ముడు వినోద్ తల వదిలేసి వెనక్కి గెంతాడు. "ఓలమ్మో! సెయ్యి! సెయ్యి కాలిపోతన్నాది! నిప్పు ఏదీ? నిప్పు ఎక్కడుందన్నా?" గోడ దాకా పోయి గోడకి అంటుకుపోయాడు. మూడేళ్ళుగా మనుషుల ఎముకలు విరగ్గొట్టిన గునపం అతని చేతిలోంచి జారి నేల మీద గణగణ మోగింది.

ఎల్లాజీ వేలు తీశాడు.

తులసి చెయ్యి పొట్టకి హత్తుకుని నేల మీద ముడుచుకుంది. వినోద్ పాక్కుంటూ వచ్చి ఆమె ఒళ్ళో తల పెట్టాడు. "కనపడతన్నాదప్పా," అంటున్నాడు. "నాకు కనపడతన్నాది. కనపడతన్నాది."

ఎల్లాజీ వచ్చి ఆమె ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. కొడతాడనుకుంది. ఆమె చెయ్యి అందుకుని, మెల్లిగా, వేళ్ళు ఒక్కొక్కటే విప్పాడు. భూతద్దం తెరిచి కంటికి పెట్టుకుని ఆ గాయాన్ని చూశాడు. పెసరగింజంత నల్లటి గుంట. అంచులు తెల్లగా ఉడికిపోయాయి. అటు తిప్పి, ఇటు తిప్పి, తీరిగ్గా చూశాడు.

"నా కంట్లో ఎట్టాలనుకున్నావు ఇది," అన్నాడు. కోపం లేదు. "మంచిదే. నీకు గుండె ఉన్నాది."

"మా తమ్ముణ్ణి..."

"ఆడి పేనం ఇచ్చేసినాను, పో. ఆ రాయీ నువ్వే ఉంచుకో. సల్లబడినా ఏడెక్కినా దాంతో నాకు పని నేదు." చెయ్యి వదలలేదు. "శ్రీకూర్మంలో నరసింగరావు గారని, ఎరుగుదువా?"

"ఎరగను."

"రాళ్ళు సూసే పెద్దాయన. డెబ్బై ఏల్లు. ఈ మూడు జిల్లాల్లో ఏ గోతిలో ఏ రాయి దొరికినా ఆయన కన్నుకి ఆనితే గాని జైపూరు సేటు కొనడు. మొన్న నా రాయొకదాన్ని ఎత్తి పట్టుకొని, నలుగురి మద్దెన, గాజు అన్నాడు." ఆమె అరచేతిలోని గుంట వైపు గడ్డంతో చూపించాడు. "పొడిస్తే నా మీదకొస్తాది. కొట్టిస్తే నా మీదకొస్తాది. ఇదైతే సప్పుడు నేదు, నెత్తురు నేదు. ఎలుగే కనపడనప్పుడు ఎవుడేసినాడో ఎవుడికి కనపడతాది? రాళ్ళు సూస్తూ సూస్తూ ముసిలాయనకి కళ్ళు పోయినాయంటారు."

తులసి చెయ్యి లాక్కుంది. నొప్పి భుజం దాకా పాకింది.

"అది బయటికి రాదన్నా," అంది. "ఈ బల్లకి బిగించేసి ఉన్నాది. ఈ కాలేజీ కరెంటు తప్ప ఇంక దేని మీదా నడవదు. ఇక్కణ్ణించి కదిపితే పాడైపోతాది."

ఆ గదిలో ఆమె చెప్పిన మొదటి అబద్ధం అది. బాగానే చెప్పింది. ఎల్లాజీ ఆమె ముఖంలో వెతికాడు, దొరకలేదు. లేజరు పెట్టె వంక, బల్ల మరల వంక చూశాడు. అతని భుజాలు కొంచెం దిగాయి.

"నడుస్తాదన్నా."

వినోద్ గొంతు. అక్క ఒళ్ళోంచే వచ్చింది.

"పోయిన నెల గాలివానకి కరెంటు పోతే అప్ప ఇన్వర్టరు మీదే నడిపినాది. నాను ఇక్కడే ఉన్నాను. పెట్టె ఒక్కటీ ఊడొస్తాది, నాలుగు మరలు, అంతే. ఇద్దరు పడితే కారులో ఎక్కిపోతాది." ఎల్లాజీ వంకే చూస్తూ, ఊపిరాడనట్టు గబగబా చెబుతున్నాడు. విరిగిన వేలిని రెండో చేత్తో గుండెకి దాచుకుని ఉన్నాడు. "నాను మోస్తానన్నా. నాకు తెలుసు ఎలగ ఊడదియ్యాలో. నన్ను కొట్టకండి."

తులసి అతని తల మీద పెట్టిన చెయ్యి తీసేసింది.

ఎల్లాజీ మోకాళ్ళు పట్టుకుని లేచి, గోడ వైపు తిరిగి ఒక్క సైగ చేశాడు. లక్ష్ముడు ఇంకా వణుకుతూనే ఉన్నాడు. అయినా వచ్చి, బల్ల కింద దూరి, లేజరు పెట్టె ప్లగ్గు పీకాడు.